120 డాలర్లకు కొన్న పాత గిటారు, పాలకొల్లు నుంచి నాన్న రిపేరు

అందరికీ నమస్తే అండీ. పోయిన వారం మా పిన్ని ఫోన్ చేసి, "ఎప్పుడూ వంటలూ, సరుకులేనా, ఇంకేమైనా చూపించవే" అంది. పిన్నీ, ఈ వీడియో నీ కోసమే. ఈరోజు వంట లేదు. పొద్దున్న పెట్టిన పప్పుచారే రాత్రికీ.

టేబుల్ మీద దుప్పటి పరిచి పెట్టాను చూడండి, ఇదే గిటారు. నల్లరంగు, దాని మీద వెండి మిణుకులు. తల మీద 'సిల్వర్‌టోన్' అని ఉంది. పోయిన శనివారం రెండు వీధుల అవతల గరాజ్ సేల్‌లో కొన్నాను. గరాజ్ సేల్ అంటే, ఇక్కడ అమెరికాలో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు వాడని సామానంతా ఇంటి ముందు బల్లల మీద పెట్టి అమ్ముకుంటారు. చీటీ మీద ధర రాసి ఉంటుంది, బేరం ఆడితే తగ్గిస్తారు. దీనికి 150 అన్నారు, 120కి ఇచ్చారు. డాలరుకు 85 చొప్పున వేసుకోండి, 10,200 రూపాయలు. మా ఆయన నా మొహం చూసి ఏమీ అనలేదు. మా అమ్మాయి స్కూల్లో గిటారు నేర్చుకుంటోంది కదా, దానికోసమే అన్నాను. అది నిజమే. కానీ నేను అక్కడ ఆగిపోయింది గిటారు చూసి కాదు, దాని పెట్టె చూసి.

ఈ పెట్టె తెరిస్తే మూతలో స్పీకర్ ఉంది. పక్కన చిన్న వాల్వు యాంప్లిఫయర్, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో శబ్దం పెంచే సామాను. గిటారు పెట్టుకునే పెట్టే వాయించడానికి యాంప్! ఆ వాల్వులు చూడగానే నాకు నాన్న షాపు గుర్తొచ్చింది. పాత వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు, పాలకొల్లులో మా నాన్నకి రేడియో రిపేరు షాపు ఉండేది. బడి నుంచి వచ్చి నేను టార్చి పట్టుకుని నిలబడేదాన్ని. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు వెనక అట్ట విప్పి ఉండేవి. నాన్న బాగుచేసిన ప్రతి సెట్టులోనూ, వెనక అట్ట లోపలివైపు, పెన్సిల్‌తో తేదీ, మార్చిన సామాను పేరు రాసేవారు. సెట్టు మళ్ళీ వస్తే అది చూసి మొదలుపెట్టేవారు.

ఈ గిటారు మోగదు. ఇంటికి తెచ్చి, మా అమ్మాయి దగ్గరున్న చిన్న ప్రాక్టీస్ యాంప్‌కి తగిలిస్తే బర్రుమని రొద, అంతే. ఇక్కడ గిటార్లు బాగుచేసే ఒకాయనకి ఫోన్ చేశాను. గంటకు 90 డాలర్లు, కనీసం రెండు గంటలు అన్నారు. అంటే 15,300 రూపాయలు, గిటారు ఖరీదుకి ఒకటిన్నర రెట్లు! నాకు ఈ దేశంలో ఇప్పటికీ అలవాటు కానిది ఇదేనండీ. మన ఊళ్ళో వస్తువు ఖరీదు, మనిషి పని చవక. ఇక్కడ వస్తువు చవక, మనిషి ముట్టుకుంటే ఖరీదు. అందుకే మిక్సీ పాడైతే బయట పడేస్తారు, కుర్చీ కాలు విరిగితే పడేస్తారు. నాన్న ఒక్క వైరు అతికించి రెండు రూపాయలు తీసుకున్న రోజులు నేను చూశాను. ఆయన చేతిపనికి గంటకు 90 డాలర్లు ఇచ్చే చోటికి నేను వచ్చి పడ్డాను, ఆయన అక్కడే ఉండిపోయారు.

సరే, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున్న ఏడు. అమ్మ ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, నాన్నని కూర్చోబెట్టింది.

"తల్లీ, ముందు మనిషెవరో కనుక్కో. ఆ తర్వాత జబ్బు" అన్నారు నాన్న.

మనిషెవరో కనుక్కోవడం, అంటే దీన్ని ఎవరు, ఎప్పుడు చేశారో తెలుసుకోవడం నాకు భలే నచ్చిందండీ, అందుకే కొంచెం నిదానంగా చూపిస్తాను. సిల్వర్‌టోన్ అనేది తయారుచేసిన కంపెనీ పేరు కాదు. సియర్స్ అని ఇక్కడ ఒకప్పుడు పెద్ద దుకాణాల సంస్థ, ఇంటింటికీ లావుపాటి కేటలాగు పంపేది. అందులో చూసి పోస్టులో తెప్పించుకునేవారు. రకరకాల కంపెనీల చేత చేయించి, వాటి మీద సిల్వర్‌టోన్ అని వేసి అమ్మేది. మరి ఇది ఎవరు చేశారు? పెట్టెలో యాంప్ ఉందంటే డాన్‌ఎలెక్ట్రో వాళ్ళది. ఒక్క పికప్ ఉంటే మోడల్ 1448, రెండు ఉంటే 1449. మాది 1448. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నటి రాగితీగ. పైన వాయించే తీగ కదిలితే ఆ రాగితీగలో కరెంటు పుడుతుంది. ఇప్పుడు దీన్ని దగ్గరగా చూడండి, అమ్మాయిలూ, మీకు వెంటనే తెలుస్తుంది. లిప్‌స్టిక్ గొట్టం! నిజంగానే లిప్‌స్టిక్‌కి వాడే లోహపు గొట్టాలు కొని అందులో పికప్ పెట్టాడు ఆ కంపెనీ పెట్టిన నేథన్ డానియల్. 1947లో డాన్‌ఎలెక్ట్రో మొదలుపెట్టిన మనిషి. ఒళ్ళు కూడా గట్టి చెక్క కాదు. లోపల చెక్క చట్రం, పైనా కిందా మేసొనైట్, అంటే మన పరీక్ష అట్ట లాంటి ఒత్తిన పలక. వేలితో కొడితే ఖాళీ డబ్బా చప్పుడు. తక్కువ ఖర్చులో పిల్లలకి ఎలెక్ట్రిక్ గిటారు అందించడానికి చేసిన పని ఇదంతా. అలా అని తీసిపారేసే సరుకు కాదు, లెడ్ జెపెలిన్ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ అంతటివాడు డాన్‌ఎలెక్ట్రో వాయించాడు.

1962లో దీని ధర 67 డాలర్ల 95 సెంట్లు, పెట్టె, యాంప్‌తో సహా. అప్పుడు డాలరు 4 రూపాయల 76 పైసలు. అంటే 323 రూపాయలు! నాన్నతో అంటే, "అప్పుడు మీ తాతయ్య మేష్టారుగా జీతం నెలకు వంద లోపేనమ్మా" అన్నారు. ఇక్కడ పిల్లల కోసం అని చేసిన గిటారు, మా ఇంట్లో మూడు నెలల పైచిలుకు బియ్యం, పప్పు, చదువు.

తీగలు వదులు చేసి తీసేశాను. మెడ మూడు స్క్రూలతో బిగించి ఉంది. విప్పి మెడ పైకెత్తితే, అది కూర్చునే గుంటలో మూడంకెలు కనిపించాయి. 353. నేను సీరియల్ నంబరు అనుకున్నాను. కాదు, మొదటి రెండూ వారం, చివరిది సంవత్సరం. 35వ వారం, 1963. ఆగస్టు చివర. 1953 ఎందుకు కాకూడదు అని మా అమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. ఈ పెట్టె మోడల్ వచ్చిందే 1962లో కాబట్టి. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. వాల్యూమ్ కంట్రోల్ వెనక 3046327 అని ముద్ర ఉంది. 304 అంటే దాన్ని చేసిన స్టాక్‌పోల్ కంపెనీ, 63 సంవత్సరం, 27 వారం. జూలై మొదట్లో కంట్రోల్ తయారైంది, ఆగస్టు చివర్లో గిటార్లో కూర్చుంది. రెండూ సరిపోయాయి. నాన్న అటునుంచి చప్పట్లు కొట్టారు.

ఇది ఎక్కడ చేశారో తెలుసా? నెప్ట్యూన్. మా న్యూజెర్సీలోనే, సముద్రం పక్కన, మా ఇంటి నుంచి 35 మైళ్ళు. దాదాపు పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళినంత. ఆ ఫ్యాక్టరీ 1969లోనే మూతబడింది. ఇన్నేళ్ళుగా ఈ గిటారు పుట్టినచోటికి ఇంత దగ్గర్లోనే ఉంది. నేను తొమ్మిదిన్నర గంటల తేడాలో ఉన్నాను.

ఆదివారం పొద్దున్న టంకం సామాను కొనడానికి బయలుదేరాం. దారిలో ఓక్ ట్రీ రోడ్డు, మనవాళ్ళ కొట్లుండే వీధి. కరివేపాకు అయిపోయింది కదా అని ఆగితే, అక్కడ నుంచి ఇడ్లీ రవ్వ, అక్కడ నుంచి టిఫిను, అక్కడ మా కాలేజీ సీనియర్ అక్క కనపడి గంటన్నర. కరివేపాకు చిన్న పొట్లం డాలరున్నర, 127 రూపాయలు. అమ్మ ఇంట్లో పెరట్లో చెట్టుంది, పక్కింటివాళ్ళకి ఊరికే ఇస్తుంది. తిరిగొస్తూ మా అమ్మాయికి ఎడిసన్ గారి టవర్ చూపించాను. మా ఊరి పేరు ఆయనదే. ఇక్కడి మెన్లో పార్కులోనే 1877లో ఫోనోగ్రాఫ్ చేశారు, 1879లో బల్బు. ఆరాత్రి నాన్నకి చెబితే, "ఆయన ఊళ్ళో ఉంటూ టంకానికి భయపడతావేంటే" అన్నారు.

భయమే అండీ. టంకం పెట్టే ఐరన్ పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. ఐరన్ 25 డాలర్లు, కంట్రోల్స్‌లో కొట్టే క్లీనర్ 18, తీగలు 7. మొత్తం 50, అంటే 4,250 రూపాయలు.

"యాంప్ జోలికి మాత్రం వెళ్ళకు" అన్నారు నాన్న. చాలా గట్టిగా అన్నారు. ప్లగ్గుకి రెండు పుల్లలే, ఎర్త్ లేదు. పాత కెపాసిటర్లు. కరెంటు తీసేసినా కెపాసిటర్ ఛార్జి పట్టుకుని ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే లాగి కొడుతుంది. మీలో ఎవరికైనా ఇలాంటిది దొరికితే, చూద్దాం అని ప్లగ్గు పెట్టకండి, తెలిసినవాళ్ళకి చూపించండి. మా యాంప్ అలాగే మూసి ఉంచాను.

గిటారులో ఆ ప్రమాదం లేదు. కరెంటు దారి తెగిందో లేదో చూపించే మల్టీమీటర్ తీసుకుని ముందు జాక్ దగ్గర, అంటే గిటారుకి వైరు గుచ్చే చోట చూశాను, ఏమీ చూపించలేదు. పికప్ పోయిందేమో అని నా గుండె జారింది. "కంగారు పడకు, ఒక్కో అడుగూ వెనక్కి వెళ్ళు" అన్నారు. పికప్ వైర్ల దగ్గరే పెడితే 4.6 కిలో ఓమ్స్ వచ్చింది. బతికే ఉంది! అంటే మధ్యలో ఎక్కడో తెగింది. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టమన్నారు. జాక్ మీద టంకం బొట్టు బూడిదరంగులో, చుట్టూ సన్నటి గీత. "డ్రై సోల్డర్. చూడు, వైరు దాని మీద ఊరికే కూర్చుని ఉంది."

పాత సీసం తీసేసి, వైరు చివర గీకి, ఐరన్‌తో ముందు జాక్ రేకుని వేడి చేశాను. సీసాన్ని ఐరన్‌కి కాదు, వేడెక్కిన రేకుకి తగిలించాలి. అది నీళ్ళలా పాకి మెరిసింది. ఆ పొగ వాసన రాగానే నాకు గొంతు పట్టేసింది. వీడియోలో అక్కడ కాసేపు మాట్లాడలేదు నేను, కత్తిరించకుండా ఉంచేశాను. నాన్న కూడా మాట్లాడలేదు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. ఐరన్ వదిలేసి ఆరేళ్ళయింది.

కంట్రోల్స్‌లో క్లీనర్ కొట్టి ముప్ఫై సార్లు ఇటూ అటూ తిప్పాను. మా అమ్మాయి ప్రాక్టీస్ యాంప్‌కి తగిలించి స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తడితే, టక్ టక్!

ఇంకొక్కటి మిగిలింది. కొన్నప్పుడే కొలిచాను, పన్నెండో మెట్టు దగ్గర తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. పిల్ల వేళ్ళు నొప్పెడతాయి. ఈ మెడలో ఇనుప కడ్డీ ఉంది కానీ తిప్పి సరిచేసే వీలు లేదు. అందుకని మెడ కూర్చునే గుంటలో బ్రిడ్జి వైపు, అంటే ఒంటి మీద తీగలు ఆనే చోటు వైపు చివర విజిటింగ్ కార్డు ముక్క పెట్టాలి. మెడ వెంట్రుకవాసి వెనక్కి వాలుతుంది, తీగలు కిందికి దిగుతాయి.

కార్డు ముక్క కత్తిరించాక నాన్న అన్నారు, "దాని మీద తేదీ రాయి." పెన్సిల్ తెచ్చాను. తేదీ, జాక్ టంకం, కార్డు ముక్క అని రాశాను. "ఊరు?" అన్నారు. ఎడిసన్ అని రాయబోయి, పాలకొల్లు అని రాశాను. 353 అంకెలు కనబడేలా, వాటికి పక్కగా పెట్టి మూడు స్క్రూలూ బిగించాను.

పాలకొల్లు అంటే మాండొలిన్ శ్రీనివాస్ గారి ఊరు. ఎలెక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకమంతా తిరిగినవారు. నాన్నకి ఆయన మాట తీస్తే ఆగదు. కొత్త తీగలు ఎక్కిస్తున్నంతసేపూ అదే చెప్పారు. కొలిస్తే 2 మిల్లీమీటర్లు.

మా అమ్మాయి కూర్చుని, నేర్చుకున్న నాలుగు స్వరాలు మెల్లగా వాయించింది. గంట మోగినట్టు, సన్నగా, కొస దాకా తేటగా ఉంది. అటు అమ్మ టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. నాన్న కళ్ళు మూసుకుని విన్నారు.

"మూడో తీగ శ్రుతి తగ్గిందమ్మా" అన్నారు.

ట్యూనర్ పెట్టి చూశాం. తగ్గింది. బిరడా కొంచెం తిప్పాను.