మైక్రాన్లు, తేమ, నాయిస్: మిల్లీమీటర్ రేడియో టెలిస్కోపు లోపలి సంగతులు

అందరికీ నమస్కారం. 2019 ఏప్రిల్ 10న బయటికొచ్చిన ఆ నారింజ రంగు వలయం, అదే ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ బొమ్మ, దాన్ని చూడని వాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటా. దాన్ని 1.3 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర తీశారు. నేను ఆ బొమ్మ గురించి పెద్దగా మాట్లాడను. దాని వెనకున్న అల్యూమినియం, బంగారు పూత, స్క్రూలు, లిక్విడ్ నైట్రోజన్, వీటి గురించి మాట్లాడతా. మీలో సగం మంది చర్లపల్లి, కుషాయిగూడ, బాలానగర్ వైపు నుంచి డ్యూటీ దిగి వచ్చారు, మిగతా సగం స్టూడెంట్లు, కాబట్టి మీకు పనికొచ్చేది అదే. నా గోల ఒక్కటే, ముందే చెప్పేస్తా: ఈ రంగంలో బొమ్మలు అందరూ పంచుకుంటారు, కానీ అసలు పంచుకోవాల్సింది ఆ బొమ్మ ఏ డిష్‌తో, ఎంత నాయిస్‌తో, ఎలాంటి ఆకాశం కింద వచ్చిందో చెప్పే అంకెల్ని.

మిల్లీమీటర్ తరంగాలంటే 1 నుంచి 10 మిల్లీమీటర్లు, ఫ్రీక్వెన్సీలో 30 నుంచి 300 గిగాహెర్ట్జ్. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ మనకు గర్వకారణమే, 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయక్కడ, కానీ అది మీటర్ తరంగాల టెలిస్కోపు, దాని డిష్ ఉపరితలం తీగల వల, గాలి హాయిగా దూరిపోతుంది. మిల్లీమీటర్ దగ్గర ఆ సుఖం లేదు. మరి ఇంత కష్టపడి అక్కడికెందుకు వెళ్లడం అంటే, నక్షత్రాలు పుట్టే చల్లటి మబ్బుల్లో ఉండేది ఎక్కువగా హైడ్రోజన్ అణువులే అయినా, ఆ చలిలో అవి దాదాపు ఏ సిగ్నలూ ఇవ్వవు. వాటితో కలిసి తిరిగే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 2.6 మిల్లీమీటర్ల దగ్గర, చక్కగా పలుకుతుంది. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ కిట్ పీక్ మీది 36 అడుగుల డిష్‌తో ఒరాయన్ వైపు చూసి దాన్ని పట్టుకున్నారు. ఈ రంగం ఊపందుకుంది అక్కడి నుంచే.

ఇప్పుడు డిష్ దగ్గరికొద్దాం, నాకు బాగా ఇష్టమైన లెక్క ఇక్కడే ఉంది. జాన్ రూజ్ అనే ఆయన ఒక సూత్రం ఇచ్చాడు: ఉపరితలంలో సగటు ఎగుడుదిగుడు ఎంతో తెలిస్తే దాన్ని 4π తో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగించి, వర్గం చేసి, దాన్ని మైనస్ గుర్తుతో ఎక్స్‌పొనెన్షియల్‌లో పెట్టండి, మీ డిష్ సామర్థ్యంలో ఎంత మిగిలిందో వస్తుంది. అంతే. మీ డిష్‌లో పావు మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉందనుకోండి. చంద్రయాన్‌తో మాట్లాడే ఎక్స్ బ్యాండ్ లాంటి 3.5 సెంటీమీటర్ల దగ్గర 99 శాతం మిగులుతుంది, ఎవరూ పట్టించుకోరు. అదే డిష్‌ని 2.6 మిల్లీమీటర్లకి వాడితే 23 శాతం. 1.3 మిల్లీమీటర్లకి వాడితే 0.3 శాతం. డిష్ అదే, ఖర్చు అదే, కరెంటు బిల్లు అదే, చేతికి దక్కేది సున్నా. అందుకే చిలీలోని అల్మా అనే మిల్లీమీటర్ టెలిస్కోపుల సముదాయంలో 12 మీటర్ల డిష్‌లకి 25 మైక్రాన్ల లోపు అని షరతు పెట్టారు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు, అదీ ఎండలో, గాలిలో, డిష్ ఎటు తిరిగినా.

ఎండ అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. అల్యూమినియం మీటరుకి, ఒక డిగ్రీకి, 23 మైక్రాన్లు సాగుతుంది. 12 మీటర్లకి ఒక్క డిగ్రీ చాలు, 276 మైక్రాన్లు. అంతా సమానంగా సాగితే ఫోకస్ జరుగుతుందంతే, సర్దుకోవచ్చు. ఒక పక్క ఎండ, ఇంకో పక్క నీడ పడ్డప్పుడే అసలు గొడవ, డిష్ ఆకారమే వంకర పోతుంది. అందుకే అల్మా 12 మీటర్ల డిష్‌ల వెనక ఫ్రేముకి కార్బన్ ఫైబర్ వాడారు, స్పెయిన్‌లో పికో వెలెటా కొండ మీది 30 మీటర్ల ఐరామ్ టెలిస్కోపుకైతే వెనక ఫ్రేము మొత్తాన్నీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచే ఏర్పాటు చేశారు. బరువు సంగతి ఇంకో కథ. పెద్ద డిష్ వంగకుండా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా, వంగినా మళ్లీ ఇంకో పారాబోలాగానే మారేలా ఫ్రేము డిజైన్ చేస్తే చాలని 1967లో ఫాన్ హోర్నర్ లెక్క కట్టి చూపించాడు. వంగడాన్ని ఆపే ప్రయత్నం మానేసి, వంగే తీరుని డిజైన్ చేయడం! స్ట్రక్చరల్ ఇంజినీర్లు ఎవరైనా ఉంటే ఆ పేపర్ తప్పకుండా చదవండి.

డిష్ నుంచి కిందికి దిగితే సిగ్నల్‌ని పోగుచేసే గరాటు లాంటి హార్న్, దాని వెనక ఆ సిగ్నల్‌ని మోసే బోలు లోహపు దారి, అదే వేవ్‌గైడ్. 75 నుంచి 110 గిగాహెర్ట్జ్‌కి వాడే వేవ్‌గైడ్ రంధ్రం కొలత 2.54 మిల్లీమీటర్లు, 1.27 మిల్లీమీటర్లు. దీన్ని గొట్టంలా తొలవరు. లోహపు దిమ్మెని రెండు సగాలుగా చేసి, ఒక్కో సగంలో గాడి మిల్లింగ్ చేసి, రెండూ కలిపి స్క్రూలు బిగిస్తారు. ఎక్కడ కోస్తామన్నది ముఖ్యం. వెడల్పు గోడకి సరిగ్గా మధ్యలో కోస్తే ఆ గీతని దాటి ప్రవహించే కరెంటు ఉండదు, కాబట్టి రెండు సగాల మధ్య చిన్న సందు ఉన్నా పెద్దగా నష్టం లేదు. పక్క గోడ అంచున కోశారో, ప్రతి మైక్రాను సందూ లీకేజీయే. ఇక 100 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు పైపైన 0.2 మైక్రాన్ల లోతులోనే పారుతుంది, అంటే టూల్ వదిలిన గీతలే దానికి కొండలూ లోయలూ. అలాంటి బ్లాకుల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి, కంటికి అద్దంలా మెరిసేది అక్కడ దున్నిన చేనులా కనిపిస్తుంది. గాడి మూలలో టూల్ తిరిగిన చోట సన్నటి బర్, అంటే లోహపు పొరక, ఒకటి లేచి ఉంటుంది, దాన్ని చూడకుండా బంగారు పూత వేసేస్తే ఆ బర్‌కీ బంగారం పడుతుంది, తర్వాత దాన్ని గీకే ధైర్యం ఎవరికీ ఉండదు. బాలానగర్‌లో ఈ పని చేయగల చేతులున్నాయి, అది నేను గట్టిగా చెప్పగలను. లేనిదల్లా ఏ టూల్, ఏ స్పీడు, ఏ కూలెంట్ వాడితే ఎంత లాస్ వచ్చిందో రాసిపెట్టే అలవాటు. ఆ సమాచారం మేస్త్రి బుర్రలో ఉంటుంది, ఆయన రిటైర్ అయితే దాంతో పాటే పోతుంది.

రిసీవర్ గురించి కొంచెం వేగంగా వెళ్తాను. మంచి మిల్లీమీటర్ రిసీవర్లలో ఎస్ఐఎస్ మిక్సర్ ఉంటుంది: రెండు నయోబియం పొరలు, మధ్యలో ఒక నానోమీటరు మందం ఉండే ఇన్సులేటర్. నయోబియం 9.2 కెల్విన్ల దిగువనే సూపర్ కండక్టర్ కాబట్టి మొత్తం 4 కెల్విన్ల దగ్గర కూర్చోబెట్టాలి. అది ఆకాశం నుంచి వచ్చే వంద గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని కొన్ని గిగాహెర్ట్జ్‌కి దించుతుంది, ఆ తర్వాత మామూలు ఎలక్ట్రానిక్సే. రిసీవర్ తనంతట తాను కలిపే నాయిస్‌ని ఈ రంగంలో ఉష్ణోగ్రతగా, కెల్విన్లలో చెప్తారు; దానికి క్వాంటమ్ సూత్రాలు పెట్టిన కింది హద్దు 100 గిగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 5 కెల్విన్లు, మంచి రిసీవర్లు దానికి కొన్ని రెట్ల దూరంలోనే ఉన్నాయి.

ఆ నాయిస్ ఎలా కొలుస్తారన్నది మాత్రం మెల్లగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. హార్న్ ముందు గది ఉష్ణోగ్రతలో ఉన్న నల్లటి అబ్జార్బర్ ఫోమ్ పెట్టి పవర్ చూస్తారు, అది 295 కెల్విన్లు. తర్వాత అదే ఫోమ్‌ని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి పెడతారు, 77 కెల్విన్లు. రెండు పవర్ల నిష్పత్తి సరిగ్గా 2 వస్తే రిసీవర్ నాయిస్ 141 కెల్విన్లు. అదే నిష్పత్తి 1.9 వస్తే? 165. అంటే మీ మీటరు ఐదు శాతం తప్పు చూపిస్తే జవాబు 24 కెల్విన్లు మారిపోతుంది. చాలా ప్రెజెంటేషన్లలో "రిసీవర్ టెంపరేచర్ ఇంత" అని ఒక్క అంకె పడేసి స్లైడ్ మార్చేస్తారు. ఎన్నిసార్లు కొలిచారు, మీటరు లీనియర్‌గా ఉందని ఎలా తేల్చుకున్నారు, ఫోమ్ మీద మంచు పట్టిందా, ఒక్క ముక్క ఉండదు. ఆ అంకెని నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ఇక ఆకాశం. మిల్లీమీటర్ తరంగాలకి అతి పెద్ద విలన్ నీటి ఆవిరి. ఆగస్టులో హైదరాబాద్ నెత్తిన ఉన్న ఆవిరినంతా నీళ్లుగా కిందికి దించితే నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉంటుంది. అల్మా ఉన్న చాహ్నంతోర్ పీఠభూమి మీద, 5,000 మీటర్ల ఎత్తున, మంచి రోజుల్లో అది ఒక మిల్లీమీటరు లోపే. తేమ రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది: సిగ్నల్‌ని మింగేస్తుంది, మింగినంతా తనే నాయిస్‌గా తిరిగి వెలిగిస్తుంది. మూడో దెబ్బ కూడా ఉంది, దూరదూరంగా ఉన్న డిష్‌లని కలిపి వాడేటప్పుడు. ఒక్క మిల్లీమీటరు ఆవిరి తరంగం దారిని దాదాపు 6.5 మిల్లీమీటర్లు పెంచుతుంది, 1.3 మిల్లీమీటర్ల తరంగానికది అయిదు పూర్తి చుట్లు. ఆవిరి ప్రతి డిష్ పైనా ఒక్కో రకంగా ఊగుతుంది కాబట్టి అల్మా 12 మీటర్ల డిష్‌ల మీద 183 గిగాహెర్ట్జ్ నీటి గీతని కొలిచే రేడియోమీటర్లు బిగించి, ఆ లెక్కతో ఫేజ్ సరిచేస్తారు. మన దేశంలో ఇలాంటి పొడి చోటు అంటే లదాఖ్‌లోని హన్లే, 4,500 మీటర్లు. అక్కడ 220 గిగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం ఎంత పారదర్శకమో కొలిచి ప్రచురించారు కూడా. మిల్లీమీటర్ టెలిస్కోపు లేకపోయినా ఆకాశాన్ని కొలిచి అందరి ముందు పెట్టిన ఆ పని నా దృష్టిలో చాలా గొప్పది, రేపు ఎవరు అక్కడ డిష్ పెట్టాలన్నా మొదట వెతికేది అదే.

పంచుకోవడం అన్నాను కదా. ఈ తరంగాలతో మొదట ఆడుకున్నది మన జగదీశ్ చంద్రబోసే, 1895లో కలకత్తాలో. 5 మిల్లీమీటర్ల దాకా దిగాడు. రైల్వే టైమ్ టేబుల్ పుస్తకం పేజీల మధ్య రేకులు దూర్చి పోలరైజర్ చేశాడంటే మన జుగాడ్ ఎంత పాతదో చూడండి. 1897లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన డిటెక్టర్ తయారీని ఏ దాపరికం లేకుండా చెప్పేస్తే, డబ్బు చేసుకునే వీలున్నదాన్ని ఇలా బయటపెట్టేశాడేంటని అక్కడి పత్రికే ఆశ్చర్యపోయింది.

దీనికి రెండో వైపు 2014 మార్చిలో జరిగింది. దక్షిణ ధ్రువం దగ్గర బైసెప్2 అనే టెలిస్కోపు 150 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 2 మిల్లీమీటర్ల దగ్గర, విశ్వం పుట్టినప్పటి గురుత్వ తరంగాల జాడ కనిపెట్టానని ప్రకటించింది. ప్రపంచమంతా చప్పట్లు. సమస్య ఏంటంటే మన గెలాక్సీ ధూళి కూడా అచ్చం అలాంటి సిగ్నలే ఇవ్వగలదు. ఆ ధూళి మ్యాపు ప్లాంక్ ఉపగ్రహం వాళ్ల దగ్గరుంది, అప్పటికింకా విడుదల కాలేదు. దాంతో బైసెప్2 వాళ్లు ధూళి అంచనాల్లో ఒకదానికి ఒక సదస్సులో ప్లాంక్ వాళ్లు చూపించిన మ్యాపు బొమ్మ నుంచి అంకెలు లాగి వాడుకున్నారు. 2015లో రెండు జట్లూ డేటా కలిపి చూస్తే ఆ సిగ్నల్లో ధూళి వాటా పెద్దదని, గురుత్వ తరంగాలని చెప్పడానికి ఆధారం మిగల్లేదని తేలింది. ఒక స్లైడ్ మీద బొమ్మ పెట్టి అంకెలు దాచుకోవడం ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు.

అలాగని అన్నీ అన్నివేళలా చెప్పేసుకోవాలని కూడా కాదు. ఎం87 బొమ్మ తీసిన వాళ్లు కావాలనే నాలుగు జట్లుగా విడిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, విడివిడిగా బొమ్మ కట్టారు, ఒకరి ఊహ ఇంకొకరికి అంటకూడదని. అందరికీ వలయమే వచ్చాకే నమ్మారు. ఆ తర్వాత డేటా బయటపెట్టారు. బయటివాళ్లు దాన్ని తీసుకుని మళ్లీ లెక్కలు కట్టారు, కొందరికి అదే వలయం వచ్చింది, కొందరు కాదు, వేరే ఆకారం వస్తోందని వాదించారు. ఆ పోట్లాట నాకు భలే నచ్చుతుంది, అది డేటా ఉంటేనే కుదిరే పోట్లాట.

హైదరాబాద్‌కి ఇందులో స్థానం ఉందా అని స్టూడెంట్లు అడుగుతుంటారు. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆకాశం మ్యాపు గీసే అంతర్జాతీయ పనిలో పాలుపంచుకున్న ఊరిది, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా వెళ్లిన ఊరిది. చంద్రయాన్ కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల డిష్, హన్లేలోని 21 మీటర్ల మేస్ గామా కిరణాల టెలిస్కోపు, రెండూ మన ఈసీఐఎల్ చేతి పనే. గాలియం ఆర్సెనైడ్ చిప్పులు చేసే గేటెక్ ఇక్కడే ఉంది. పైగా ఇప్పుడు కార్లలో 77 గిగాహెర్ట్జ్ రాడార్లు వచ్చేశాయి, 2022 నాటి 5జీ వేలంలో ఈ హద్దుకి పక్కనే ఉన్న 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా అమ్మారు, అంటే ఒకప్పుడు ల్యాబుల్లోనే దొరికే మిల్లీమీటర్ పార్టులు బజారు సరుకు అవుతున్నాయి. ఖగోళం వాళ్లకి అది ఇంటర్‌ఫియరెన్స్ తలనొప్పి కూడా, ఆ టెన్షన్ ఉంది.

స్టూడెంట్లకి చేతిలో పెట్టే పని ఒకటి చెప్తా. మిల్లీమీటర్ కాదు, 2.5 సెంటీమీటర్లు, కానీ లెక్కలన్నీ ఇవే. పాత డీటీహెచ్ డిష్, దాని ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే చిన్న రిసీవర్ డబ్బా), ఒక చవక ఎస్‌డీఆర్ డాంగిల్ (సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ రేడియో) తీసుకోండి. నేల వైపు తిప్పితే 300 కెల్విన్లు, ఖాళీ ఆకాశం వైపు తిప్పితే అది దాదాపు ఆ నైట్రోజన్‌లో ముంచిన ఫోమ్ లాంటి చల్లటి లోడ్, ఇందాకటి నిష్పత్తి లెక్క కట్టేయండి. చేతిని ఎల్‌ఎన్‌బీకి అడ్డం పెట్టినా పవర్ లేస్తుంది, కానీ హాల్లో ట్రై చేయకండి, పైకప్పూ 300 కెల్వినే, చెయ్యీ 300 చిల్లరే, ఏమీ కదలదు. ఇంకా మంచిది, మార్చి 13 ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు 1కి అటూ ఇటూ, సూర్యుడు మన ఊరి నుంచి చూస్తే డీటీహెచ్ ఉపగ్రహాల వెనక నుంచి వెళ్తాడు, టీవీ కాసేపు పోయేది అందుకే. డిష్ కదపనక్కర్లేదు, ముందు గంట నుంచి తర్వాత గంట దాకా పవర్ రికార్డు చేస్తే చాలు, అటూ ఇటూ పల్చగా దిగే గుట్ట లాంటి గ్రాఫ్ వస్తుంది. ఆ గుట్ట వెడల్పే మీ డిష్ బీమ్ వెడల్పు, అంటే డిష్ ఒకేసారి చూసే ఆకాశపు ముక్క వెడల్పు. డిష్ కొలత, ఎల్‌ఎన్‌బీ మోడల్, డాంగిల్ గెయిన్ సెట్టింగ్, టైము ఏ గడియారంతో పెట్టారు, మబ్బు ఉందా లేదా, ఇవన్నీ ఫైల్ మొదటి లైన్లలో రాసి, గ్రాఫ్ బొమ్మతో పాటు కొలిచిన అంకెల ఫైల్ కూడా పంపండి. నలుగురు నాలుగు చోట్ల నుంచి, ఉప్పల్, కూకట్‌పల్లి, శంషాబాద్, ఘట్‌కేసర్, పంపితే పక్కపక్కన పెట్టి చూసుకుందాం, ఎవరి డిష్ వంకరపోయిందో బయటపడుతుంది. సరే, ఇప్పుడు అడగండి, మెకానికల్ వాళ్ల ప్రశ్నలు ముందు తీసుకుంటాను.