మ్యూజియంలో పిల్లల టచ్ స్క్రీన్లు ఎలా ఉన్నాయి? బరంపురం నుంచి రివ్యూ

హాయ్ అందరికీ, ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఫోన్ రివ్యూ కాదు, ఈమధ్య మనవైపు మ్యూజియాల్లో పిల్లల కోసమని టచ్ స్క్రీన్లు పెడుతున్నారు కదా, వాటి గురించి. ఏ మ్యూజియమో చెప్పనండి, కొంచెం తిట్టాలి, పైగా ఈ జబ్బు ఒక్కచోటే లేదు.

హాల్లోకి వెళ్ళగానే పెద్ద స్క్రీన్. మా అక్క పిల్లలిద్దరూ పరుగున పోయి దానిమీద పడ్డారు. జిగ్సా పజిల్, సవర గిరిజనుల బొమ్మ ఒకటి ముక్కలు చేసి పెట్టారు, కలపాలి. పెద్దోడు ముక్క లాగుతుంటే చిన్నది పక్కనుంచి చెయ్యి చాచింది, ముక్క ఎగిరి ఎక్కడికో పోయింది, ఇంక చూస్కోండి కొట్లాట. ఏటంటే, ఇలాంటి పెద్ద స్క్రీన్లలో చాలావాటికి ఫ్రేము లోపల ఇన్‌ఫ్రారెడ్ కాంతి అడ్డంగా నిలువుగా పోతుంటుంది, అది ఎక్కడ తెగితే అక్కడ టచ్ అనుకుంటుంది, వేలైనా ఒకటే, ఫ్రాకు చేతి అంచైనా ఒకటే. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బుద్ధిగా ఒక్క వేలితో నొక్కుతారని ఎవరనుకున్నారో గానీ!

సరే, పజిల్ అయింది, చప్పట్ల సౌండ్ వచ్చింది, వెంటనే మళ్ళీ మొదలెట్టారు. అసలు బొమ్మ వాళ్ళ వెనక గోడమీదే ఉంది, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆ పజిల్ ఇంట్లో ఫోన్లో ఆడుకోవచ్చు కదా, దానికి టికెట్టెందుకు?

ఇప్పుడు నచ్చింది చెప్తా. అదే గోడ అవతలి చివర చిన్న స్క్రీన్ ఉంది, గ్రాఫిక్స్ ఏమీ లేవు. ఒడియాలో ప్రశ్న వస్తుంది, గుర్రం మీదున్నవాడు ఎక్కడ అని. జవాబు స్క్రీన్లో ఉండదు, గోడమీద ఇడితల్‌లో వెతకాలి. ఇడితల్ అంటే మన రాయగడ, గజపతి వైపు లాంజియా సవరలు దేవతల కోసం, పెద్దల కోసం ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో వేసే బొమ్మ, అందులో చీమల బారులా మనుషులు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. పిల్లలది ఒడియా బడి, ప్రశ్న గడగడా చదివేశారు. మా అమ్మకి ఒడియా అక్షరం రాదు, కానీ ముందు కనిపెట్టింది ఆవిడే, "అదిగోరా, కింద మూలన, ఏనుగు పక్కన" అని. ముగ్గురూ గోడకి ముక్కులు ఆనించి వెతకడమే, గార్డు వచ్చి వెనక్కి లాగాల్సొచ్చింది.

1990ల్లో ఫిలడెల్ఫియా దగ్గర నాలుగు సంస్థలు కలిసి, ఫ్యామిలీలు ఎగ్జిబిట్ల దగ్గర ఎలా నేర్చుకుంటాయో స్టడీ చేశాయి. చుట్టూ నిలబడే వీలుండాలి, ఒకేసారి నాలుగు చేతులు పడినా పనిచెయ్యాలి, పెద్దాచిన్నా అందరికీ అందాలి అని అప్పుడే తేల్చారు. అంతెందుకు, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మ్యూజికల్ క్లాక్ ఉందిగా, ముట్టుకోనివ్వరు, బటన్ లేదు, అయినా బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొడతాడని జనం ముందే వచ్చి కూర్చుంటారు.

రేటింగ్ అంటారా, పెద్ద స్క్రీనుకి 5కి 1, చిన్నదానికి 4. ఆ ఒక్కటీ ఎందుకు కోశానంటే తెలుగు వాయిస్ లేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి ఎంతమంది తెలుగోళ్ళొస్తారో టికెట్ కౌంటర్లో ఆయనకి బాగా తెలుసు, మాతో మాట్లాడిందే తెలుగులో.