రోజ్‌మేరీ మాట ఎవరూ ఎందుకు వినలేదు

అందరికీ నమస్కారం.

ఇప్పుడే 'రోజ్‌మేరీస్ బేబీ' చూశాం. న్యూయార్క్‌లో కాపురముండే రోజ్‌మేరీ కడుపున సైతాను బిడ్డ పుట్టాలని మొగుడూ, పక్కింటి ముసలివాళ్లూ, పెద్ద డాక్టరూ కలిసి కుట్ర పన్నే కథ. చివర్లో ఆ ముసలివాళ్లు సైతానుకు జేజేలు కొడుతుంటే హాల్లో కొందరు నవ్వారు. వాళ్లను తప్పుపట్టను. 1968 నాటి సినిమా, పైగా సైతాను మనకు అలవాటైనవాడు కాదు. మన దెయ్యానికి ఒక కథ ఉంటుంది. బావిలో దూకిన కోడలో, కోరిక తీరకుండా పోయిన పిల్లో అయ్యుంటుంది. ఆ కోరిక తీరిస్తే వెళ్లిపోతుంది. క్రైస్తవుల సైతాను చచ్చిన మనిషి కాదు. దేవుడి మీదే తిరగబడ్డవాడు. అతన్ని కొలిచారంటే ఆ సమాజం నిలబడ్డ పునాదినే తవ్వుతున్నారని అర్థం.

ఆ పునాది అప్పటికే కదులుతోంది. 1966 ఏప్రిల్‌లో టైమ్ పత్రిక నల్లటి అట్ట మీద ఎర్రటి అక్షరాలతో "దేవుడు చచ్చిపోయాడా?" అని అడిగింది. అదే నెలాఖరున శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే సైతాను పేరుతో ఏకంగా ఒక చర్చి పెట్టాడు. డాక్టరు కోసం ఎదురుచూస్తూ రోజ్‌మేరీ చేతిలోకి తీసుకున్నది టైమ్ పత్రిక ఆ సంచికే. మళ్లీ చూసినప్పుడు గమనించండి.

అయితే నన్ను పట్టుకున్నది మతం కాదు, ఆమె కడుపు. పక్కింటి మిన్నీ వాసనొచ్చే వేరు పెట్టిన తాయెత్తు మెడలో వేస్తుంది. రోజూ ఏదో ఆకుల కషాయం తెచ్చి, నిలబడి మరీ తాగిస్తుంది. ఆ పాత్రకే రూత్ గోర్డన్‌కు ఆస్కార్ వచ్చింది. పేరున్న పెద్ద డాక్టరేమో పుస్తకాలు చదవొద్దు, స్నేహితురాళ్ల మాట వినొద్దు అంటాడు. నెలల తరబడి నొప్పి. తగ్గిపోతుందిలే అంటారు. ఇందులో సైతాను ఎక్కడున్నాడు? మన ఇళ్లలో నెల తప్పిన ఏ ఆడపిల్లను అడిగినా సగం కథ ఆమే చెప్తుంది.

అప్పటి ప్రేక్షకులకు ఇంకో భయం కూడా ఉంది. వేవిళ్లకు డాక్టర్లే రాసిచ్చిన థాలిడొమైడ్ వల్ల వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారని 1961లో బయటపడింది. డాక్టరు ఇచ్చిందే కదా అని మింగిన తల్లులు వాళ్లు. ఇక న్యూయార్క్‌లో గర్భస్రావం చట్టబద్ధమైంది 1970లో. అంటే రోజ్‌మేరీకి వెనక్కి వెళ్లే దారి లేదు.

ఆమెకు కడుపొచ్చిన ఆ రాత్రి సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే ఒంటి నిండా గీతలతో లేస్తుంది. నువ్వు నిద్రలో ఉన్నా నేనే ఆగలేకపోయానంటాడు మొగుడు, తేలిగ్గా. అతను చెప్పింది అబద్ధం. కానీ నిజమే అనుకున్నా అప్పటి అమెరికాలో అది నేరం కాదు. మన చట్టం భర్తకు ఇప్పటికీ ఆ మినహాయింపు ఇస్తూనే ఉంది. ఈ సినిమా తీసిన పొలాన్‌స్కీ 1977లో మైనర్ బాలిక కేసులో నేరం ఒప్పుకుని, మరుసటి ఏడాది అమెరికా వదిలి పారిపోయాడు. అది దాచిపెట్టి ఈ సినిమాను పొగడడం నావల్ల కాదు. ఆడదాని భయాన్ని ఇంత బాగా చూపించినవాడు అలాంటి పని చేశాడన్నది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

రోజ్‌మేరీ వచ్చిన 1968లోనే ఇంగ్లండ్‌లో 'ది డెవిల్ రైడ్స్ అవుట్' అనే సినిమా వచ్చింది. డ్రాక్యులా వేషాలతో పేరుపడ్డ క్రిస్టఫర్ లీ అందులో మంచివాడు. నేల మీద గీసిన వలయంలో కూర్చుని దుష్టశక్తుల్ని ఎదుర్కొనే సీన్ నాకు చాలా ఇష్టం. కానీ అదే సినిమాలో పొగలోంచి ఒక నల్లజాతి మనిషిని లేపి, ఇదే భూతం అని చూపించారు. సామ్రాజ్యం పోగొట్టుకున్న దేశం ఎవర్ని చూసి జడుసుకుందో అక్కడ తెలిసిపోతుంది. అక్కడ చెడు బయటి నుంచి వస్తుంది. రోజ్‌మేరీకి మాత్రం సొంత పడకగదిలోనే ఉంది.

అందుకే ఆ ఫోన్ బూత్ సీన్ మర్చిపోలేను. ఎండ, నిండు గర్భం, చెమట. మరో కుర్ర డాక్టరు తిరిగి ఫోన్ చేస్తాడని ఎదురుచూస్తుంటుంది. బయట వీపు కనబడేలా ఒక మనిషి నిలబడతాడు. ఆ పెద్ద డాక్టరే అనిపిస్తుంది. తిరిగితే ఎవరో. నిజానికి ఆయన ఈ సినిమా నిర్మాత విలియం కాజిల్. తర్వాత ఆ కుర్ర డాక్టరు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా వింటాడు, పడుకోమంటాడు. ఆమె హాయిగా కళ్లు మూసుకుంటుంది. ఆయన మంచివాడే, సైతాను మనిషి కాదు. వెళ్లి మొగుడికీ పెద్ద డాక్టరుకూ కబురు పెడతాడు, అంతే.

ఆ రెండు సీన్లూ మళ్లీ వేయమని అడిగాను. లైట్లు ఆర్పుతున్నారు, ఈసారి ఆ కుర్ర డాక్టరు మొహం చూడండి.