బాలెరినా జెరేనియం, నాలుగేళ్ళ తర్వాత: ఎంత పెరిగింది, ఎంత టైమ్ పట్టింది

నమస్తే అండీ. మాటలు తర్వాత, ముందు ఈ టేపు చూడండి. ఇటు చివరి ఆకు దగ్గర్నుంచి అటు చివరి ఆకు దాకా 31 సెంటీమీటర్లు. ఎత్తు, పువ్వుతో కలిపి, 13. మన లెక్కలో చెప్పాలంటే అడ్డంగా జానా బెత్తెడు, నిలువునా బెత్తెడున్నర. ఇది చిన్న మొక్క కాదండోయ్, దీనికి నాలుగేళ్ళు, ఇక ఇంతే, ఇంతకు మించి పెరగదు. పోయినేడు జులైలో కొలిచినా ఇదే, అటూ ఇటూగా ఒక సెంటీమీటరు తేడా.

దీని పేరు జెరేనియం బాలెరినా. జెరేనియం అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది నూనె తీసే పంట, లేదంటే బాల్కనీ కుండీల్లో ఎర్రగా పూసేది. ఆ రెండూ నిజానికి పెలార్గోనియంలు, దక్షిణాఫ్రికా జాతి. 1789లోనే వాటిని వేరు చేసేశారు, పాత పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. తేడా ఈజీగా పట్టుకోవచ్చు. ఇదిగో దీనికి అయిదు రేకులూ ఒకేలా ఉన్నాయి కదా, పెలార్గోనియంలో పై రెండు రేకులు వేరుగా ఉంటాయి. ఇక ఈ పూత రాలిపోయిన కాడ చూడండి, కాస్త దగ్గరగా పెడతాను... అచ్చం కొంగ ముక్కే. ఇంగ్లీషులో దీనికి క్రేన్స్‌బిల్, అంటే కొంగ ముక్కు, అనే పేరు అందుకే వచ్చింది. ఇది ఎండాక అయిదు పాయలుగా విడిపోయి విత్తనాలు రాలతాయి.

నేనుండేది ఇంగ్లండ్ ఉత్తరాన, వానకి కరువులేని ఊళ్ళో. నాలుగేళ్ళ క్రితం మూడు మొక్కలు కొన్నాను, ఒక్కోటి ఏడు పౌండ్లు. వీడియో కాల్లో చూపిస్తే మా అమ్మ "ఈ గుప్పెడు మొక్కకి ఏడు వందలా, పెరట్లో బిళ్ళగన్నేరు ఊరికే వస్తుంది కదే" అంది. పువ్వు చూస్తే నిజంగానే బిళ్ళగన్నేరుకి దూరపు చుట్టంలా ఉంటుంది, రంగు కూడా ఆ లేత గులాబీ-ఊదా మధ్యలోదే. కాకపోతే ఈ రేకు మీద గీతలు చూడండి, సన్నటి కలంతో ఒక్కొక్కటే గీసినట్టు ముదురు ఊదా నరాలు, అన్నీ వెళ్ళి మధ్యలో ఆ నల్లటి మచ్చలో కలుస్తాయి. పువ్వు అడ్డం మూడు సెంటీమీటర్ల లోపే, అయినా అంత చిన్న కుదురు మీద పెద్దగా కనిపిస్తుంది.

కొన్నచోట అట్ట మీద "త్వరగా నేలంతా కప్పేస్తుంది" అని రాసి ఉంది. నేను నమ్మాను. ఆ మాట ఈ మొక్కకి చెల్లదు, ఎందుకంటే ఇది పాకదు. దీనికి మధ్యలో ఒకటే లావుపాటి, కాస్త చెక్కలాంటి మొదలు ఉంటుంది. ఏటా వసంతంలో దాని నుంచి బూడిద పచ్చ ఆకులు గుత్తిగా లేస్తాయి, వాటి మధ్య నుంచి పూకాడలు బయటికి వచ్చి పక్కలకి వాలతాయి. ఆ కాడలు నేలని తాకినా వేళ్ళు పట్టవు. చలికాలం వచ్చేసరికి చాలావరకు ఎండిపోతాయి. అంటే మీరు ఇప్పుడు చూస్తున్న 31 సెంటీమీటర్లు ఎండాకాలం లెక్క అన్నమాట, ఇదే మొక్కని జనవరిలో కొలిస్తే 12 ఉంది, చూసినవాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. కేటలాగుల్లో 30 అని ఒక్క అంకె వేసి వదిలేస్తారు, అది ఏ నెల అంకె అనేది ఎవరూ చెప్పరు.

ఇక ఎంత టైమ్ పట్టిందంటే, మొదటి వేసవిలో అడ్డం 15 సెంటీమీటర్లు, దాదాపు కుండీలోంచి తీసినంతే. పై వైపు ఏమీ జరగట్లేదనిపిస్తుంది, కానీ ఆ ఏడంతా వేరు పనిలో ఉంటుంది. రెండో వేసవికి 22, మూడో వేసవికి 30, అంతే, అక్కడ ఆగిపోయింది. పూర్తి సైజుకి రావడానికి రెండు నుంచి అయిదేళ్ళు అని ఇక్కడి తోటల సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు వేస్తారు, నాది ఆ మధ్యలో పడింది. కాబట్టి మొదటి ఏడాది చుట్టూ ఖాళీ చూసి టెన్షన్ పడి పక్కన ఇంకోటి నాటేయకండి.

సరే, మిగతా రెండు మొక్కల సంగతి. ఒకదాన్ని పూలమడిలో బాగా మాగిన కంపోస్టు వేసి పెట్టాను, ప్రేమ ఎక్కువై. అది ఎత్తు 18 దాకా లాగింది, ఆకులు పెద్దవయ్యాయి, కాడలు నిలవలేక అన్ని వైపులా పడిపోయి నడినెత్తి బట్టతలలా తేలింది, పూలు మాత్రం ఇందాక కొలిచిన ఈ రాతి తొట్టి మొక్కకి వచ్చినవాటిలో సగం కూడా లేవు. రెండో చలికాలంలో కుళ్ళిపోయింది. మంచు వల్ల కాదు, మైనస్ పది డిగ్రీలకి కూడా ఇది జంకదు, తడి వల్ల. ఇంకోదాన్ని ప్లాస్టిక్ కుండీలో ఉంచితే వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు పిల్లలు వేళ్ళు తినేశాయి, ఆకులు వాడిపోయాయని ఎత్తి చూస్తే మొక్క వేరు లేకుండా చేతిలోకి వచ్చేసింది.

ఎందుకు ఇలా అంటే, దీని పుట్టిల్లు చూడాలి. 1960లలో నార్‌ఫోక్‌లోని బ్రెసింగ్‌హామ్‌లో ఆలన్ బ్లూమ్ నర్సరీ నుంచి వచ్చిన రకం ఇది. రెండు జెరేనియం జాతుల్ని కలిపితే పుట్టింది: ఒక వైపు ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న పిరనీస్ కొండల సినీరియం, ఇంకో వైపు బాల్కన్ కొండల సబ్‌కాలెసెన్స్. కొండల మీద రాళ్ళ సందుల్లో, మట్టి తక్కువగా ఉన్నచోట, గాలికి తల వంచుకుని బతికే వంశాలు రెండూ. వాటికి పొట్టిగా ఉండటమే బతుకు. మనం మెత్తటి మట్టి పోస్తే ఆ పొట్టితనం పోతుంది. ఈ రాతి తొట్టిలో నేను సగం మట్టి, సగం సన్న కంకర కలిపాను, పైన రెండు వేళ్ళ మందాన గులకరాళ్ళు పరిచాను, మొక్క మెడ దగ్గర నీరు నిలవకుండా. ఎరువు ఏడాదికోసారి, అదీ చిటికెడు.

నిజంగా పాకే పొట్టి జెరేనియం కావాలంటే డాల్మాటికం తీసుకోండి. అదీ 15 సెంటీమీటర్ల లోపే, కానీ నేల కింద పిలకలు పెట్టుకుంటూ నెమ్మదిగా అర మీటరు దాకా పోతుంది. క్రొయేషియాలోని బియోకోవో కొండల్లో దొరికిన బియోకోవో అనే రకం అయితే ఎత్తు 25 దాటుతుంది, నిజంగానే నేల కప్పుతుంది, దాన్ని మాత్రం బాలెరినా పక్కన పెట్టారో, రెండేళ్ళలో మింగేస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచొచ్చా? వద్దండీ. దానికి చల్లటి చలికాలం కావాలి, మన మే నెల ఎండ ఒకవైపు, ఆ వెంటే ముసురు ఇంకోవైపు, దీనికి రెండూ పడవు. డబ్బు దండగ. మా అమ్మ బిళ్ళగన్నేరే అక్కడ రాజు.

రేటింగ్ అంటే, రాతి తొట్టికి పదికి తొమ్మిది, పూలమడికి నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఒక మొక్కని పెంచడం కంటే దాని నుంచి ఇంకో మొక్కని చేసుకోవడం కష్టం, విత్తనం నాటితే ఇదే పువ్వు వస్తుందని గ్యారంటీ లేదు, వసంతంలో మొదలు దగ్గర లేత కొమ్మ తుంచి ఇసుకలో గుచ్చాలి. పోయిన ఏప్రిల్లో అయిదు గుచ్చితే రెండు వేరు పట్టాయి. అవిగో, కిటికీ గట్టు మీద ఉన్నాయి, టేపు పెడతాను ఉండండి... నాలుగు సెంటీమీటర్లు.