స్ప్రే గన్ క్లీనింగ్ కిట్ కొనొచ్చా? ఆ సూదులు మాత్రం వద్దు

అందరికీ నమస్తే. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది స్ప్రే గన్ కాదండీ, దాన్ని కడిగే కిట్. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, లోపల సరుకు దాదాపు ఒకటే. చిన్నా పెద్దా బ్రష్‌లు, స్టీల్ సూదుల సెట్టు, ఒక స్పానర్. దీన్ని పైన పెయింట్ పోసే కప్పు, 1.4 మి.మీ. నాజిల్ (పెయింట్ బయటికొచ్చే మూతి) ఉండే గన్ మీద చూద్దాం. కారుకి బేస్ (రంగు పూత), క్లియర్ (దాని మీద మెరుపు పూత) రెండూ కొట్టేది దీంతోనే.

ముందు ఈ అట్ట చూడండి. గన్ కదపకుండా ఆరేడు అంగుళాల దూరం నుంచి ఒక్కసారి నొక్కి వదిలాను. నిలువుగా, సమానంగా పడాల్సింది కుడి పక్కకి అరటిపండులా వంగింది. దీంతో డోర్ కొడితే ఒకచోట కారుతుంది, ఇంకోచోట పొడిగా పడుతుంది. మనమేమో పెయింట్‌ని తిడతాం, తర్వాత తిన్నర్‌ని, ఆఖరికి షాపాయన్ని.

ఇప్పుడు ఎయిర్ క్యాప్‌ని, అంటే గన్ ముందుండే గాలి రంధ్రాల మూతని, సగం చుట్టు తిప్పి మళ్లీ కొడుతున్నా. వంపు ఎడమకి వచ్చింది, చూశారా? క్యాప్‌తో పాటు వంపు తిరిగిందంటే చెత్త క్యాప్ రంధ్రాల్లో ఉంది. తిరగకపోతే నాజిల్ దగ్గర చూసుకోవాలి.

క్యాప్ విప్పి తిన్నర్‌లో నానబెట్టాను. గ్లోవ్స్ వేసుకోండి, బీడీ సిగరెట్లు దగ్గర్లో వద్దు. ఈ బ్రష్‌లు బాగున్నాయండీ, తిన్నర్‌కి కుచ్చు ఊడట్లేదు, సన్నది నాజిల్‌లోకి చక్కగా దూరుతోంది.

సూదుల దగ్గరే నాకు పేచీ. క్యాప్ ఇత్తడిది, సూది స్టీల్‌ది. రంధ్రం అంచు ఒక్కసారి గీసుకుపోయిందా, గాలి దారి మారిపోతుంది, తర్వాత ఎంత కడిగినా ప్యాటర్న్ కుదరదు. మొండి పెయింట్ ఉంటే ఇంకాసేపు నానబెట్టి, చెక్కిన చీపురు పుల్లతో తీసి, గాలి కొట్టండి.

స్పానర్ కూడా లూజు. జారితే నాజిల్ అంచులు పోతాయి, గన్‌తో వచ్చిందే వాడండి. ముందు గన్ లోపలి నీడిల్ (పెయింట్‌ని ఆపి వదిలే పుల్ల, కిట్ సూది కాదు) లాగాకే నాజిల్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు నాజిల్, ఆ తర్వాత నీడిల్.

కొందరు గన్ మొత్తాన్ని తిన్నర్ డబ్బాలో ముంచి ఇంటికెళ్లిపోతారు. లోపలి ప్యాకింగ్‌లు (లీకు ఆపే సీళ్లు) పాడవుతాయి, రంగు మురికి గాలి దారుల్లోకి చేరుతుంది. హార్డెనర్ కలిపిన క్లియర్ అయితే పని అవ్వగానే కడిగేయాలి, టీ తాగొచ్చాక చూద్దాం అంటే కుదరదు. ఒకసారి గట్టిపడితే తిన్నర్‌కి లొంగదు. కడిగాక నీడిల్ ప్యాకింగ్ దగ్గర ఒక చుక్క గన్ లూబ్ (స్ప్రే గన్‌కి వేసే నూనె) చాలు. సిలికాన్ ఉన్నది మాత్రం వద్దు, పెయింట్ మీద ఫిష్ ఐ గుంటలు లేస్తాయి.

బిగించి మళ్లీ కొట్టాను. ఇదిగో, నిలువుగా, రెండు వైపులా ఒకేలా పడింది. మీ గన్ ఆగి ఆగి ఉమ్ముతుంటే కప్పు మూత మీది చిన్న రంధ్రం కూడా చూడండి, అది మూసుకుపోయినా అలాగే చేస్తుంది.

సూదులు, స్పానర్ పక్కన పెట్టేసినా బ్రష్‌ల కోసం ఈ కిట్ తీసుకోవచ్చు. మీ ఊళ్లో పెయింట్ షాపులో బ్రష్‌లు విడిగా దొరికితే మాత్రం కిట్ జోలికి పోనక్కర్లేదు.