ఆమ్‌స్టర్‌డామ్‌లో రైస్టాఫెల్ ఎక్కడ తినాలి? బోర్డు చదవడం వస్తే సగం పని అయినట్టే

[తెర మీద: ట్రామ్ దిగుతున్న జనం. ఫోనులో మ్యాపు.]

నమస్కారం. ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చిన తెలుగువాళ్లకు రెండో రోజుకల్లా రొట్టె, చీజు మొహం మొత్తుతాయి. అన్నం ఎక్కడ దొరుకుతుందా అని ఫోను తీస్తారు. ‘ఇండిష్’ అని రాసి ఉన్న రెస్టారెంట్ ఒకటి కనిపిస్తుంది. అమ్మయ్య, మనవాళ్లదే అనుకుని వెళ్లి కూర్చుంటారు. తీరా చూస్తే పప్పు లేదు, నాన్ లేదు. ఉడికించిన కూరగాయల మీద వేరుశనగ ముద్ద పోసి తెచ్చి పెడతారు.

నేనూ అలాగే వెళ్లి కూర్చున్నాను. డచ్చి భాషలో మన దేశానికి సంబంధించినది ‘ఇండియాస్’. ‘ఇండిష్’ అంటే ఒకప్పటి డచ్చి వలస, నేటి ఇండోనేషియాకు సంబంధించినది. మనం ఈ రోజు వెతుకుతున్న రైస్టాఫెల్ అనే అన్నం విందు దొరికేది ఆ రెండో బోర్డు కిందే.

[తెర మీద: తెల్ల గుడ్డ పరిచిన బల్ల. చిన్న దీపాల మీద పెట్టిన గిన్నెలు.]

రైస్ట్ అంటే అన్నం, టాఫెల్ అంటే బల్ల. మధ్యలో అన్నం పళ్లెం పెట్టి, దాని చుట్టూ పదో, పదిహేనో, ఒక్కోసారి ఇరవైకి పైగానో చిన్న గిన్నెలు పేరుస్తారు. వాటి అడుగున చిన్న కొవ్వొత్తి దీపాలు వెలుగుతుంటాయి కాబట్టి మనం గంటన్నర కూర్చున్నా కూర చల్లారదు. విస్తట్లో కూరకూ పచ్చడికీ చోటు ఉన్నట్టే ఇక్కడ గిన్నెలకూ వరుస ఉంటుంది. చప్పటివి ఒక కొసన, కారంగా ఉన్నవి రెండో కొసన పెడతారు. తెచ్చిపెట్టిన మనిషి ఏది ఎక్కడ మొదలుపెట్టాలో చేత్తో చూపించి వెళ్తాడు. కాస్త శ్రద్ధగా వినండి. కారం గిన్నెతో మొదలుపెడితే తర్వాతి పది గిన్నెల రుచీ నాలుకకు తెలియదు.

దీని మూలం సుమత్రా దీవిలో ఉంది. అక్కడి పాడాంగ్ భోజనశాలల్లో వడ్డించేవాళ్లు మోచేతి దాకా పళ్లేలు దొంతరగా పేర్చుకుని వచ్చి అన్నీ బల్ల మీద దించుతారు. ముట్టుకున్న వాటికే డబ్బు ఇస్తే చాలు. డచ్చి దొరలకు ఈ పద్ధతి నచ్చింది. రకరకాల దీవుల వంటలన్నీ ఒకే బల్ల మీదకు చేర్చి, ఒక్కో గిన్నెకు ఒక్కో నౌకరును పెట్టి, ఆ నౌకర్లను వరుసగా నడిపించి, విందును దర్పం చాటే ఊరేగింపుగా మార్చారు. కూరలు ఇండోనేషియావే, ఆ ఆడంబరం మాత్రం దొరలది. అందుకే నేటి జకార్తాలో దీన్ని మామూలు జనం తినరు. పాతకాలపు హంగుతో నడిపే కొన్ని చోట్లే అది దొరుకుతుంది.

ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1949 డిసెంబరులో గానీ డచ్చి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1945 తర్వాతి రెండు దశాబ్దాల్లో దాదాపు 3 లక్షల మంది, చాలావరకు మిశ్రమ కుటుంబాలవాళ్లు, సముద్రం దాటి నెదర్లాండ్స్‌కు వచ్చారు. వాళ్ల వంటిళ్లతో పాటే రైస్టాఫెల్ కూడా ఇక్కడ పాతుకుపోయింది.

ఒక చిన్న పక్కదారి. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఉంది కదా. వలందులంటే హాలెండువాళ్లే. 17వ శతాబ్దంలో వాళ్లు మన తీరంలో అద్దకపు బట్టలు కొని, వాటిని ఈ దీవులకు తీసుకెళ్లి లవంగాలకూ జాజికాయలకూ మార్చుకునేవారు. ఆ బల్ల మీది గిన్నెల్లో మన నేతగాళ్ల కష్టం కూడా కొంత ఉందని నేను అనుకుంటాను. సరే, దారిలోకి వద్దాం.

[తెర మీద: మెనూ కార్డు, దగ్గరగా.]

రెస్టారెంట్ దొరికాక అసలు పరీక్ష మెనూ చదవడం. ఇండోనేషియా తన భాష రాసే తీరును 1947లో ఒకసారి, 1972లో మరోసారి సవరించుకుంది. నెదర్లాండ్స్‌కు వచ్చినవాళ్లు పాత రాతనే పట్టుకుని కూర్చున్నారు. అందుకే ఇంగ్లీషు అక్షరాలు చూసి నోరు తిరగక అవస్థ పడతాం. ‘ఓ’ (o) అక్షరం పక్కన ‘ఈ’ (e) అక్షరం కనిపిస్తే ‘ఉ’ అని చదవండి. టీ పక్కన జే ఉంటే ‘చ’. డీ పక్కన జే ఉంటే ‘జ’. జే ఒక్కటే ఉంటే ‘య’.

ఇప్పుడు కార్డు మీద టీ, జే ఉన్న ‘atjar’ అనే ఆ వింత మాటను చదవండి. అచార్! అవును, పచ్చళ్ల సీసాల మీద హిందీలో రాసి ఉండే ఆ అచారే. కాకపోతే ఇక్కడ దోసకాయ, క్యారెట్ ముక్కలను పసుపు, వెనిగర్, పంచదారలో ఊరేస్తారు. ఆవకాయను ఊహించుకుంటే నిరాశ తప్పదు. ‘సంబల్ ఉలెక్’ మాత్రం నిరాశపరచదు. ఉలెక్ అంటే రాతి మీద నూరడం. ఎండని ఎర్ర మిరపకాయలు, ఉప్పు, అంతే. రోటి పచ్చడికి దగ్గరి చుట్టం. ‘సెరుందెంగ్’ అంటే వేయించిన కొబ్బరి కోరులో వేరుశనగలు కలిపిన పొడి. అన్నంలో కలుపుకుంటే ఇల్లు గుర్తొస్తుంది.

మాంసం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లకు నాలుగు మాటలు చాలు. ఆయమ్ కోడి, కంబింగ్ మేక, సపి గొడ్డుమాంసం, బబి పంది. ‘దగింగ్’ అంటే ఉత్తి మాంసమే అయినా ఇక్కడ దాదాపు ఎప్పుడూ గొడ్డుమాంసమే. పేరున్న రెండాంగ్ కూడా అంతే. కొబ్బరిపాలలో గంటల తరబడి ఉడికించి, నీరంతా ఇగిరి, కొబ్బరి నూనె తేలి, ఆ నూనెలోనే ముక్క నల్లగా వేగే దాకా దించరు. పులుసులా పల్చగా తెచ్చి పెట్టారంటే వంటవాడికి తొందర ఎక్కువని అర్థం.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. ‘చినేస్ ఇండిష్’ అని బోర్డు ఉంటే అది చైనా వంటతో కలిసిపోయిన డచ్చి వీధి భోజనం. అక్కడా రైస్టాఫెల్ పేరు కనిపిస్తుంది. కడుపు నిండుతుంది, కానీ అన్ని గిన్నెల్లోనూ ఒకే తియ్యటి పులుసు తగులుతుంది. మెనూలో ‘బబి పంగాంగ్’, ‘ఫు యోంగ్ హై’ ముందు వరుసలో ఉంటే మీరు ఆ చోటికే వచ్చారన్నమాట.

[తెర మీద: కాలువ ఒడ్డు, పూల దుకాణాలు.]

పేర్లు కావాలంటే చెబుతాను. స్పౌస్ట్రాట్ వీధిలో ‘కాంచిల్ అండ్ ద టైగర్’. కాంచిల్ అంటే వాళ్ల కథల్లో పులిని బోల్తా కొట్టించే మూషిక జింక అనే బుల్లి జంతువు. మన పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దింపిన కుందేలు లాంటిది. రైక్స్ మ్యూజియం దగ్గర ‘సమ సెబో’. వోండెల్ పార్కు వైపు ‘బ్లావ్’. సింగెల్ కాలువ పక్కన, పూల బజారు దగ్గర ‘సంపూర్ణ’. ఆ పేరు మీరు అనుకుంటున్న సంపూర్ణే, సంస్కృతం నుంచి అటు వెళ్లిన మాట. ఇంకా ఆసక్తి ఉంటే రైలెక్కి గంటలోపు హేగ్ వెళ్లండి. ఆ పాత డచ్చి వలస నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులు ఎక్కువగా స్థిరపడిన ఊరు అది.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి. చాలాచోట్ల ఇద్దరికి తక్కువైతే రైస్టాఫెల్ ఇవ్వరు. నేను ఒకచోట వానలో తడిసి వెళ్లి, కుర్చీ లాగి కూర్చున్నాక ఆ సంగతి విన్నాను. మనిషికి 30 యూరోలు దాటుతుంది కాబట్టి ముందే ఫోను చేసి అడగడం మేలు. ఒక్కరే ఉంటే ‘టోకో’ అనే బోర్డు వెతకండి. అది సరుకులూ వండిన కూరలూ అమ్మే కొట్టు. అక్కడ ‘నసి రమెస్’ అని అడిగితే అన్నం మీద నాలుగైదు కూరలు పెట్టి ఇస్తారు. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. నిజం చెప్పాలంటే కొన్ని టోకోల్లో రుచి పెద్ద రెస్టారెంట్ల కన్నా బాగుంటుంది.

[తెర మీద: రొయ్యల ముద్ద డబ్బా. తర్వాత అప్పడాల గిన్నె.]

శాకాహారులకు విడిగా రైస్టాఫెల్ ఉంటుంది. అయితే కూరగాయల కూరల్లోనూ, సంబల్‌లోనూ ‘ట్రాసీ’ వేయడం అలవాటు. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. వేపితే ఘాటుగా ఉంటుంది, కూరలో పడ్డాక కనిపెట్టడం కష్టం. ఫోను చేసినప్పుడే ‘జోండర్ ట్రాసీ’ అనండి, ట్రాసీ లేకుండా అని అర్థం. సరేనంటారు, మాట నిలబెట్టుకుంటారు కూడా. మీరు వెళ్లి కూర్చోగానే, ఏమీ అడగకముందే, ఒక గిన్నెడు తెల్లటి అప్పడాలు తెచ్చి మీ ముందు పెడతారు. ఆకలి మీద చెయ్యి దానంతట అదే వెళ్తుంది. వాటి పేరు క్రూపుక్. అవీ రొయ్యలవే.