బీమ్‌కు పక్కనున్న ఊరు

సభకు నమస్కారం.

ఉద్దానంలో కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు గనుక, షార్ట్‌వేవ్ రేడియో వినే మాబోటివాళ్లకు యాంటెన్నా కోసం స్తంభం కొనవలసిన పని లేకపోయింది. సోంపేట దగ్గర మా మేడ పిట్టగోడ నుంచి పెరటి కొబ్బరిచెట్టు దాకా ఇరవై మీటర్ల రాగితీగ లాగి, పదిహేనేళ్లుగా నేను ప్రధానంగా ఒక్క విదేశీ కేంద్రాన్నే గమనిస్తూ వస్తున్నాను. అది న్యూజిలాండ్ నుంచి పసిఫిక్ దీవుల శ్రోతల కోసం ప్రసారమయ్యే ఆర్ఎన్‌జెడ్ పసిఫిక్. మన కోసం కాని ప్రసారం మనకెందుకని ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉంటారు. మన కోసం కాదు గనుకనే అందులో పరిశీలించవలసింది ఎక్కువ ఉందని నా సమాధానం.

ఆ దేశం 1948 సెప్టెంబరు 27న షార్ట్‌వేవ్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఇప్పుడవి ఉత్తర దీవి నడిమధ్యన రంగిటైకి దగ్గరి 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడుతున్నాయి. కేంద్రం ప్రకటించే ప్రసార పట్టికలో ఏ వేళకు ఏ ఫ్రీక్వెన్సీ అన్నది అందరూ చూస్తారు. యాంటెన్నా ఏ దిశకు గురిపెట్టి ఉందన్నదే అసలైన సమాచారం. దిశను నిజ ఉత్తరం నుంచి గడియారపు ముల్లు తిరిగే వైపుగా డిగ్రీలలో లెక్కిస్తారు. ఈ కేంద్రం వాడే బీమ్‌లలో, అంటే ఒక దిశకు గురిపెట్టి పంపే తరంగ ధారలలో, 325 డిగ్రీలది సాలమన్ దీవులు, పాపువా న్యూగినీల వైపు పోతుంది.

మన ఊరు అక్కడి నుంచి ఏ దిశన ఉందో తెలుసుకోవడానికి, మొదటి ఏడాది నేను గోడమీది ప్రపంచ పటంపై స్కేలు పెట్టి గీత గీశాను. 304 డిగ్రీలు వచ్చింది. బీమ్‌కు ఇరవై డిగ్రీలే దూరం అనుకుని మురిసిపోయాను కూడా. ఆ తరువాత మా అబ్బాయి బడి గ్లోబు మీద రంగిటైకి నుంచి సోంపేటకు దారం బిగించి చూస్తే, దారం ఆస్ట్రేలియా మీదుగా, పటం మీది గీతకు బాగా దక్షిణంగా పోయింది. తరంగం పోయేది దారం దారినే. ఆ లెక్కన మన దిశ సుమారు 284 డిగ్రీలు, దూరం పదకొండున్నర వేల కిలోమీటర్లు. అంటే మనం బీమ్‌కు నలభై డిగ్రీలు పక్కన ఉన్నాం. బీమ్ అంచున శక్తి తగ్గుతుందే తప్ప గోడ కట్టినట్టు ఆగిపోదు గనుక, ఆ పక్కకు చిందినదే మన వాటా.

ఆ వాటా అందే వేళ కూడా ఒకటుంది. డిసెంబరులో సాయంత్రం ఆరున్నరకు, అంటే అంతర్జాతీయ సమయం 13 గంటలకు, ఇక్కడ పొద్దు గూకి ఉంటుంది, అక్కడ రాత్రి రెండు దాటుతుంది, నడుమ దారంతా చీకటే. ఆకాశంలో చాలా ఎత్తున విద్యుదావేశం ఉండే అయనావరణంలో, పగటివేళ తరంగాలను మింగివేసే కింది పొర చీకటి పడగానే కరిగిపోతుంది. పైపొర మాత్రం నిలిచి వాటిని నేలకు తిప్పి పంపుతుంది. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలలో ప్రసార రుతువు మారి పట్టికలు తారుమారవుతాయి. ఆ వారం నాకు పండగ, ఇంట్లోవాళ్లకు కాదు.

విన్నదాన్ని సిన్‌పో పద్ధతిలో ఐదు అంకెలుగా రాస్తాం: సంకేత బలం, ఇతర కేంద్రాల అడ్డు, రొద, తరంగ ప్రయాణపు నిలకడ, మొత్తం నాణ్యత. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు. ఐదు ఉత్తమం, కాబట్టి రొద గడిలో ఐదు ఉంటే రొద అసలు లేదని అర్థం. ప్రసారం విన్నారని ధ్రువీకరిస్తూ కేంద్రం పంపే క్యూఎస్ఎల్ కార్డు వస్తుందన్న ఆశతో అన్నీ ఐదులే వేసి పంపేవారున్నారు. అది అబద్ధపు సాక్ష్యం. నా పుస్తకంలో ఎక్కువ పుటలలో ఉన్న మాట ‘వినపడలేదు’. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ పక్కన నిజాయతీగా రాసిన ఆ మాట లేకపోతే, వినపడిన రోజులను దేనితో పోల్చుతాం?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరిచెట్టు కూలి, తీగ తెగిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. మిగిలిన ఏడెనిమిది మీటర్ల ముక్కను కిటికీ ఊచకు, మెట్ల కమ్మికి కట్టి, సెల్స్ మీద రేడియో పెట్టాను. ఎల్ఈడీ దీపాల చిటపటలు, ఇన్వర్టర్ల గుంయిమనే మోత, రొయ్యల చెరువుల మోటార్ల గరగర ఏవీ లేవు. కేంద్రం ప్రసారానికి ముందు వినిపించే బెల్‌బర్డ్ పక్షి కూత ఆ పొట్టి తీగ మీద పెరట్లో కూసినట్టే వచ్చింది. రొద గడిలో నేను ఐదు వేసింది ఆ ఒక్క వారమే. కరెంటు వచ్చిన సాయంత్రం మళ్లీ రెండు వేశాను.